గంట మోగితే మాట్లాడకూడదు

లోపల క్లాసులో నర్సు పిల్ల పాఠం మొదలుపెట్టింది. బయట నడవలో, గోడకి కొట్టిన కొక్కేల కింద, పొడుగు బెంచీ మీద గుండీలక్క ఒళ్ళో రేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ముగించిందంటే తరవాతి వంతు తనదే. ముగించకుండా సాయంత్రం దాకా ఇలాగే సాగదీస్తే ఎంత బావుణ్ణు, కాదు కాదు, సాగదీస్తే ఈ కూర్చోవడమూ సాగుతుంది, తొందరగా అయిపోతేనే నయం, పన్ను పీకించుకోడానికి వచ్చినవాడు తన వంతు వెనక్కి పోవాలని కోరుకుంటాడా, కోరుకుంటాడు, పన్ను ఎంత నొప్పి పెడుతున్నా సరే ముందున్న మనిషిని మీరు ముందు కానివ్వండి అంటాడు. బెంచీ మాత్రం గట్టిదే. ఎవడు చేశాడో గాని మేకు అనేది కనపడకుండా చేశాడు, అంచులు గుండ్రంగా దిద్దాడు, చీర పట్టుకోదు, లాగదు. మంచి పనివాడి చెయ్యి అంచుల దగ్గర తెలుస్తుంది, నడుమ ఎవడైనా నున్నగా చేస్తాడు. నేల తుడిచిన మందు వాసన ఇంకా పోలేదు. మూల బకెట్టులో తుడిచే కర్ర తలకిందులుగా నిలబడి ఉంది, జుట్టు ఆరబోసుకున్న ముసలమ్మలాగా. తలుపు వెనక నర్సు పిల్ల ఏదో అంది, లోపలున్నవాళ్ళు గొల్లుమని నవ్వారు. గుండీలక్క చెవులు రిక్కించింది. పక్క కొట్టులో గిరాకీ బాగుంది. తన కొట్టు ఎదురుగా కొత్త కొట్టు తెరిచిన మొదటి రోజున కూడా ఇలాగే నవ్వులు వినపడ్డాయి, అప్పుడేం చేసింది, లేసుల చుట్టలన్నీ గుమ్మం ముందుకి తెచ్చి వేలాడదీసింది, ఇప్పుడేం వేలాడదీయాలి, తన నాలుకనా? అది నిన్ననే వేలాడదీసింది. దాని ఫలితమే ఈ బెంచీ.

నిన్నటి సంగతి తలుచుకోకూడదు అనుకున్నకొద్దీ నిన్నే వచ్చి పక్కన కూర్చుంటోంది, జరుగమ్మా కాస్త చోటివ్వు అంటూ. నిన్న ఏమంత తప్పు చేసింది? తయారీ బ్రహ్మాండంగా చేసుకుంది. మొన్న రాత్రి అన్నం కూడా గబగబా తినేసి, అద్దం ముందు నిలబడి, వాట్ ఈజ్ యువర్ నేమ్ అని తనని తనే అడిగి, తనే చెప్పుకుని, అదే గదిలో ఉండే నర్సు పిల్ల తన మంచం మీద నించి, ఆంటీ మీరిలా మాట్లాడుతుంటే నాకు రేపు నా పేరు కూడా గుర్తుండదు అంటే, పడుకోవే పిల్లా అని కసిరి, మళ్ళీ మొదలుపెట్టింది. తెల్లారి క్లాసులోకి వెళ్ళింది. ఎదురుగా నలుగురే. ఈ పరాయి దేశపు ఊళ్ళో పనులు చేసుకునే పెద్దవాళ్ళు, ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చేవాళ్ళు. తనలా, నర్సు పిల్లలా కొత్తగా వచ్చిన వలంటీర్లు చెయ్యి తిరగడానికి వాళ్ళ ముందు పాఠం చెప్పి చూపించాలి, అదే ట్రైనింగు. ముందు వరసలో లాండ్రీలో పనిచేసే ఆయన, పక్కన బస్సు డ్రైవరు, ఒళ్ళో చంటిపిల్లతో ఒక తల్లి, గోడవారగా చేతులు కట్టుకుని తాపీమేస్త్రి. ఆయన భుజాలు చూస్తే గోడకి ఇంకో గోడ ఆనించినట్టుంది. గుండీలక్క నవ్వు ముఖంతో, లాండ్రీ ఆయన్ని చూసి, వాట్ ఈజ్ యువర్ నేమ్ అంది. ఆయన కళ్ళు పైకెత్తాడు, గొంతు సవరించుకున్నాడు. అంతే, ఆ సవరించుకునే పాటి వ్యవధి చాలు, ఆమెకి గిరాకీ మెట్లు దిగిపోతున్నట్టు అనిపించింది. నేమ్? యువర్ నేమ్? సే, మై నేమ్ ఈజ్, అని ఒక్కో మెట్టే దిగొచ్చింది, చివరికి ఆయన చొక్కా జేబు మీద కుట్టి ఉన్న పేరు తనే చదివేసి, వెరీ గుడ్ అని తనే మెచ్చుకుంది. డ్రైవరుని, యూ ఆర్ డ్రైవర్, యెస్, అంది. ఆయన నోరు తెరిచి మూశాడు. చంటిపిల్ల తరఫున తల్లికి, తల్లి తరఫున చంటిపిల్లకి జవాబు చెప్పింది. తాపీమేస్త్రిని పిల్లలెంతమంది అని అడిగి, ఆయన ఆలోచించే లోపలే, టూ, వెరీ గుడ్, అని తేల్చేసింది. ఆ మనిషికి పెళ్ళయిందో లేదో దేవుడికెరుక, నిలబెట్టి ఇద్దరు పిల్లల్ని చేతిలో పెట్టింది.

అది కూడా సర్దుకునేదే. అసలు కొంప ముంచింది గంట. వెనక బల్ల దగ్గర కూర్చునే ట్రైనింగు మేడం ముందు చిన్న ఇత్తడి గంట ఉంటుంది, అందుకే అందరూ చాటుగా గంట మేడం అంటారు. మన భాష మనిషే, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, ఈ ఊరి ఎండకి జుట్టు గోధుమ రంగు తిరిగింది. పాఠం చెప్పేవాళ్ళు ఆగకుండా మాట్లాడుతుంటే గంట కొడతాను, వెంటనే ఆపి ఎదుటివాళ్ళకి అవకాశమివ్వాలి, అని మొదటిరోజే నియమం చెప్పింది. గుండీలక్కకి బాగా అర్థమైంది, తలకాయకి అర్థమైంది. కాని ఒంటికి ఎవరు చెప్పాలి? తన కొట్టు తలుపుకి గంట ఉంది. నాన్న కట్టిన గంట. తలుపు తోస్తే ఖంగుమంటుంది. స్టూలు మీద కూర్చునే వయసు నుంచి ఆమెకి తెలిసిన పాఠం ఒక్కటే, గంట మోగిందంటే మనిషొచ్చాడు, నవ్వు, లే, నోరు తెరువు. నిన్న మేడం గంట కొట్టింది. గుండీలక్క వెన్ను దానంతటదే నిటారైంది, ముఖం విప్పారింది, గొంతు ఒక మెట్టు పైకెక్కింది. మేడం మళ్ళీ కొట్టింది. ఓహో, గిరాకీ మీద గిరాకీ! ఇంకో మెట్టు ఎక్కింది. మూడోసారి మేడం కాస్త గట్టిగా కొట్టేసరికి గుండీలక్క తలుపు వైపు తిరిగి, కమ్, కమ్, ప్లీజ్ కమ్, అని ఎవరూ లేని గుమ్మానికి చెయ్యూపింది. పాఠం అయ్యాక నలుగురూ చప్పట్లు కొట్టారు. నాటకం చూసినవాళ్ళు కొట్టినట్టు. తాపీమేస్త్రి మాత్రం కట్టిన చేతులు విప్పలేదు.

తరవాత మేడం పక్కకి పిలిచింది.

"అక్కగారూ, మీకు గంట వినపడలేదా?"

"వినపడింది మేడం."

"వినపడితే మరి అంతకంతకీ ఎక్కువ మాట్లాడారేంటండీ?"

"గంట మోగితే ఎవరో వచ్చారని కదండీ లెక్క."

మేడం మొదట అర్థం కాక చూసింది, అర్థమయ్యాక కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ నవ్వులో గుండీలక్క కూడా కలిసింది, నవ్వితే బేరం మెత్తబడుతుందని. మెత్తబడలేదు. మేడం నవ్వుతూనే అసలు మాట అంది, నవ్వుతూ చెప్పే మాటకే మనిషి ఎక్కువ భయపడాలి. "నిన్నటిదాకా మీకు వచ్చిన ఇంగ్లీషు ఇవాళ కూడా మీకే వచ్చిందండీ. వాళ్ళకేమొచ్చింది? రేపు ఇంకోసారి చూద్దాం. రేపు కూడా క్లాసు అంతా మీరే మాట్లాడేశారనుకోండి, పాఠాలు వద్దులెండి, మన స్టోరు చూసుకుందురు గాని. పుస్తకాలు, చాకుపీసులు, బల్లలు, అన్నీ చిందరవందరగా పడున్నాయి. కొట్టు నడిపిన చెయ్యి దొరకడం మాకు దేవుడిచ్చినట్టే." గుండీలక్క బేరానికి దిగింది, కొత్త కదా మేడం, నాలుగు రోజులు అలవాటు పడనివ్వండి. "రేపే" అంది మేడం. అని, ఊరికే చూస్తూ నిలబడింది. ఆ చూపు ఎంతసేపు చూసిందో, చివరికి గుండీలక్కే, సరే మేడం రేపే, అనేసింది.

స్టోరు. ఎక్కడి కొట్టు, ఎక్కడి సముద్రం, ఇంత దూరం ఎగిరొచ్చి మళ్ళీ స్టూలు మీదే కూర్చోవాలా, మళ్ళీ దుమ్ము దులపాలా, అరలకి పేర్లు రాయాలా? ఆడపడుచు వింటే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. బయల్దేరే రోజున గుమ్మంలో నిలబడి అన్నమాట ఇంకా చెవిలోనే ఉంది, "వెళ్ళు వదినా వెళ్ళు, నీ దగ్గర చదువుకున్నవాళ్ళకి ముందు వచ్చే ఇంగ్లీషు ముక్క అరువు లేదు అనే." అందరూ నవ్వారు, తనూ నవ్వింది, నవ్వకేం చేస్తుంది, మాట బాగుంది, మంచి మాట ఎవరన్నా మెచ్చుకోవాల్సిందే, కాని ఆ మాట తిరగేసి ఇవ్వాలంటే ఇక్కడ గెలిచి చూపించాలి. చెల్లెలు మాత్రం వేరే రకం. నువ్వు నిశ్చింతగా వెళ్ళక్కా కొట్టు నేను చూసుకుంటా అంది, విమానం ఎక్కిన మర్నాడే గుండీలన్నీ సైజుల వారీగా ఉన్నవాటిని రంగుల వారీగా మార్చేసి ఫొటో పంపింది. చూడక్కా ఎంత అందంగా ఉందో! అందంగానే ఉంది, ఇంద్రధనుస్సులాగా ఉంది, కాని కోటు గుండీ కోసం వచ్చినవాడు ఇంద్రధనుస్సంతా వెతుక్కోవాలి. చెప్పలేదు. దూరాన్నించి మందలిస్తే మందలింపు పెద్దదైపోతుంది, మోసుకెళ్ళే తోవలో బరువు పెరుగుతుంది.

అసలెందుకొచ్చింది తను? ఈ ప్రశ్న విమానంలో పక్క సీటాయన అడిగాడు, ఇక్కడ దిగాక ఫారం నింపించుకున్న అమ్మాయి అడిగింది, అందరికీ సేవ అని చెప్పింది, సేవ అంటే ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యరు. నిజం చెప్పాలంటే లాభం కోసం వచ్చింది. వీధి చివర కుట్టు కంపెనీ ఉండేది, అందులో కాలర్లు కుట్టే ఆడవాళ్ళు సాయంత్రం పూట కొట్టుకొచ్చి, అక్కా ఈ డబ్బా మీద ఏం రాసుంది, ఆ సూపర్‌వైజరు ఏదో అన్నాడు అంటే ఏంటి, అని అడిగేవాళ్ళు. గుండీలక్కకి బడి చదువు కొద్దిగానే. నాన్నకి నడుము పట్టేసినప్పుడు మానిపించి కొట్టులో కూర్చోబెట్టారు, ఇంగ్లీషంతా తరవాత ఏరుకున్నదే, సరుకు పెట్టెల మీదివి కొన్ని, పైదేశం నుంచి కొనడానికొచ్చినవాళ్ళతో వాదించి తెచ్చుకున్నవి కొన్ని, అతుకుల బొంతలాంటి ఇంగ్లీషు, కాని చలికి ఆగుతుంది. అందులోంచే ఒక్కో ముక్క వాళ్ళకి ఇచ్చేది, ఎలాస్టిక్కు కొలుస్తూ, దారం చుడుతూ. ఒకరోజు వాళ్ళల్లో ఒకతె, మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, పరుగెత్తుకుంటూ వచ్చి, అక్కా ఇవాళ తనిఖీకి వచ్చిన దొరతో నేనే మాట్లాడాను, కుట్టు బాలేదన్నాడు, నో సర్ లుక్ ఎగైన్ అన్నాను, చూశాడు, ఒప్పుకున్నాడు, అంది. రొప్పుతోంది, నవ్వుతోంది, కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. ఆ రాత్రి గుండీలక్కకి నిద్ర పట్టలేదు. ఎన్నేళ్ళ వ్యాపారంలో ఎన్ని రకాల సరుకు చూసింది, ఏదైనా సరే ఇచ్చాక అరలో ఖాళీ పడుతుంది. ఇదొక్కటే, ఆ పిల్ల పట్టుకెళ్ళాక కూడా తన దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది, పైగా కాస్త మెరుగుపడి ఉంది. ఇంతకంటే గిట్టుబాటు ఎక్కడుంటుంది? ఇలాంటి సరుకు చేతిలో ఉండగా జిప్పులు అమ్ముకుంటూ కూర్చున్నవాడు వ్యాపారస్తుడేనా?

అప్పుడు మరి ఆ కాలర్ల పిల్లకి ఎలా నేర్పింది? ఏం చేసింది? ఏమీ చెయ్యలేదే. ఎలాస్టిక్కు కొలుస్తోంది. చెయ్యి పనిలో ఉంటే నోరు ఖాళీగా ఉండేది, ఆ పిల్లే మాటలు తడుముకుంటూ, తప్పులు దిద్దుకుంటూ... లోపల మళ్ళీ నవ్వులు. గంట ఒక్కసారి ఖణేల్‌మంది. బెంచీ మీద గుండీలక్క చటుక్కున వెన్ను నిటారు చేసి, నవ్వు ముఖం పెట్టి, తనని తను పట్టుకుని మళ్ళీ జారబడింది. ఛీ పాడు ఒళ్ళు. నర్సు పిల్ల చప్పున ఆపేసినట్టుంది, లోపల లాండ్రీ ఆయన గొంతు ఏదో అంటోంది. ఆయనకి గొంతు ఉంది! నిన్న తను విననే లేదు.

ఫోను తీసి చూసింది. మాస్టారు తిరిగి చెయ్యలేదు. మాస్టారంటే బడి మాస్టారు కాదు, ఆమె మొగుడు, టైలరు మాస్టారు, మెడలో టేపు లేకుండా ఎవరూ చూసి ఎరుగరు, పెళ్ళి ఫొటోలో కూడా దండ కింద టేపు కనపడుతుంది. పొద్దున ఫోను చేసి నిన్నటి కథంతా చెప్పింది, గంట సంగతి, స్టోరు సంగతి, మేడం జుట్టు సంగతి, చెల్లెలు గుండీలు కలిపేసిన సంగతి, ఏడుపొచ్చినంత పనైంది, అవతల మిషను ఆపి వింటూ ఊ, ఊ అన్నాడు. అంతా అయ్యాక ఒక్క మాట అన్నాడు, "మరి?" ఆ మనిషి సొత్తంతా ఆ ఒక్క మాటే. తను దానికి కూడా పెద్ద జవాబు చెప్పింది. చెప్పి చెప్పి చివరికి, సరే ఇంకోసారి చూస్తా, అని తనే తేల్చి ఫోను పెట్టేసింది.

ఆ మరి తోనే కదా కాపురం మొదలైంది. నాన్న బతికున్న రోజులు, తను కౌంటరు వెనక, ఈయన కొత్తగా వీధిలో మిషను పెట్టిన టైలరు. ఏ టైలరైనా గుండీలు డజన్ల లెక్కన పట్టుకెళ్తాడు, ఈయన రోజూ వచ్చి ఒకే ఒక్క గుండీ కొనేవాడు. తలుపు గంట మోగేది, తను లేచేది, ఇవాళ కూడా ఒకటేనా అనేది. ఊ. రోజుకో రంగు, రోజుకో రకం. పిసినారేమో అనుకుంది, పిచ్చివాడేమో అనుకుంది. ఒకరోజు కాగితం పొట్లం విప్పి కౌంటరు మీద ఒక చొక్కా పరిచాడు. కొత్త చొక్కా. ముందు పట్టీ పొడుగునా గుండీలు, ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవదు, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే, మెడ దగ్గర నల్లది మొదలుకుని. ఆయన దాన్ని చూసి, ఆమెని చూసి, "మరి?" అన్నాడు. అని ఊరుకున్నాడు. తనూ ఊరుకుంది. అప్పటికే నాన్న దగ్గర నేర్చిన విద్య అది, ఊరుకోవడంలో తనని మించినవాళ్ళు బజారులో లేరు. ఈయన కూడా ఊరుకున్నాడు. దారపు రీలు ఒకటి దొర్లి కింద పడింది, ఇద్దరూ తియ్యలేదు. వీధిలో సైకిలు పోయింది. నాన్న లోపల్నించి దగ్గాడు. చివరికి తనకే చెమటలు పట్టి, మా నాన్నని అడగండి, అనేసింది. జీవితంలో ముందు నోరు విప్పి ఓడిపోయిన బేరం అదొక్కటే. ఓడి ఇన్నేళ్ళయింది, నష్టం ఎక్కడుందో ఇంతవరకు కనపడలేదు.

నవ్వొచ్చింది. కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి వీధి, వీధికి అవతల సంచులూ పెట్టెలూ అమ్మే కొట్టు. వచ్చిన రోజు నుంచి ఆమె కళ్ళు అక్కడికే పోతున్నాయి, కసాయివాడు మేకని చూసినట్టు కాదు, మేస్త్రి గోడని చూసినట్టు. కొట్టాయనకి సరుకు పెట్టడం తెలుసు, చౌకవి ముందు వేలాడదీశాడు, మంచివి లోపల, మనిషి లోపలికి అడుగు పెట్టాలని. ఇప్పుడు ఒకావిడ చక్రాల పెట్టె ఒకటి పట్టుకుని నిలబడింది. ఎత్తుతోంది, దించుతోంది, చక్రాలు దొర్లించి చూస్తోంది. అద్దం అడ్డం, మాట ఒక్కటీ వినపడదు. కొట్టాయన ఏదో అన్నాడు, ఒక్క మాట, ధరే అయి ఉంటుంది. ఆవిడ పెట్టె వదిలేసింది. వదిలేసి చేతులు దులుపుకుంది. కొట్టాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తున్నాడు. ఆవిడ గుమ్మం వైపు చూసింది. ఆయన ఇంకా తుడుస్తున్నాడు, ఆ అద్దాలకి మరకేం లేదు, గుండీలక్కకి ఇక్కణ్ణించే తెలుస్తోంది. ఆగు నాయనా, ఆగు, నోరు తెరవకు, ఆవిడ కాళ్ళు చూడు, ముఖం గుమ్మం వైపుంది గాని కాళ్ళు నీ వైపే ఉన్నాయి, తగ్గించావో నీ పని అయిపోయినట్టే, నాన్న చెప్పలేదా నీకు, ధర చెప్పేదాకా నోటికి పని, చెప్పాక చెవికి పని, చెప్పాక ముందు నోరు విప్పినవాడిదే నష్టం...

గుండీలక్క చేతిలో డబ్బా గలగలమంది.

నాన్న చెప్పలేదా నీకు. నీకే. ఎవరికి చెబుతున్నట్టు ఈ పాఠం, వీధి అవతల మనిషికా? ప్రశ్న కూడా ధరే కదా. వాట్ ఈజ్ యువర్ నేమ్ అంటే ధర చెప్పినట్టే. లాండ్రీ ఆయన గొంతు సవరించుకున్నాడు, అంటే పెట్టె ఎత్తి చూస్తున్నాడు, బరువు చూసుకుంటున్నాడు. తనేం చేసింది? తగ్గించింది. నేమ్, యువర్ నేమ్, సే మై నేమ్, అంటూ ఊళ్ళో దివాలా తీసినవాడైనా అంత వేగంగా తగ్గించడే, ఆఖరికి సరుకంతా ఊరికే ఇచ్చేసి, సంచిలో తనే సర్ది, వెరీ గుడ్ అని కొసరు కూడా వేసింది. ఇన్నేళ్ళు కౌంటరు వెనక రాయిలా కూర్చున్న మనిషి! బజారంతా భయపడే మౌనం! అది ఎక్కడ పారేసుకుంది, విమానంలోనా? భయం. భయపడ్డవాడే తగ్గిస్తాడు. ఊరుకుంటే తనకి ఇంగ్లీషు రాదనుకుంటారని, బడి మానేసిన పిల్ల అని కనిపెట్టేస్తారని, మాటల దుప్పటి కప్పుకుంది. ఇంక ఆ మేడం, రేపే అని ఊరికే చూస్తూ నిలబడలేదూ, నిన్న తనే ముందు నోరు విప్పలేదూ, అమ్మ గంట మేడమా, నువ్వు కూడా మా బజారు మనిషివేనే! పొద్దున మాస్టారు మరి అని ఊరుకోలేదూ, తనే తేల్చుకోలేదూ? అందరూ తన విద్య తన మీదే చేస్తుంటే తను మాత్రం చప్పట్లు కొట్టించుకుంటూ తిరుగుతోంది. వీధి అవతల ఆవిడ మళ్ళీ పెట్టె పట్టుకుంది, ఏదో అంది. కొట్టాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. గుండీలక్కకి లేచి వెళ్ళి ఆయనకి చెయ్యి కలపాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. నర్సు పిల్ల చాకుపీసు చేతులు దులుపుకుంటూ, బుగ్గలు ఎర్రబడి, బయటికొచ్చింది.

"అయిపోయిందాంటీ! ఒక్క గంటే పడింది. మీరెళ్ళండి, మేడం రమ్మంటోంది. ఏంటా నవ్వు? భయం పోయిందా?"

"భయం పోలేదే. కొంచెం నీళ్ళు తాగి వెళ్తా అంటే ఊరుకుంటుందా?"

"నీళ్ళు తాగితే గొంతు ఇంకా పెగులుతుంది. వద్దు. నోట్లో లవంగం వేసుకోండి."

"పోవే. నీ నోటికి వెయ్యాలి లవంగం." బుగ్గ గిల్లి, డబ్బా చంకన పెట్టుకుని గుండీలక్క లోపలికి నడిచింది.

అదే గది. అవే కుర్చీలు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పలకలాగా పడి ఉంది. లాండ్రీ ఆయన, డ్రైవరు, తల్లీ చంటిపిల్లా, గోడకి ఆనించిన గోడ. నిన్నటి ఆట మళ్ళీ చూడబోతున్నామని ముగ్గురి ముఖాల్లోనూ చిరునవ్వు సిద్ధంగా ఉంది. వెనక బల్ల దగ్గర మేడం చేతికి అందేలా గంట జరుపుకుంది. గుండీలక్క గుడ్ మార్నింగ్ అంది. వాళ్ళూ అన్నారు. మధ్య బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బా మూత తీసి బోర్లించింది. ఇంటి నుంచి ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు, చెయ్యి అలవాటు, పిల్లి పిల్లని మోసుకు తిరిగినట్టు. గుండీలు ఎండలోకి జలజలా పారాయి, ముత్యపు చిప్పవి, కొయ్యవి, ఇత్తడివి, గాజుపూసలంతవి, కోటుకి పెట్టే పెద్ద బిళ్ళలు, ఒకటి దొర్లుకుంటూ పోయి చంటిపిల్ల తల్లి మోచేతిని తాకి ఆగింది. అందరూ ముందుకి వంగారు. చేతులు వాటంతటవే గుండీల్లోకి వెళ్ళాయి. గుండీలక్క తలెత్తి, నిదానంగా, విచ్ వన్ డు యూ వాంట్, అంది.

అని ఊరుకుంది.

గుండీలు గలగలమన్నాయి. నాలుక చివర విచ్ వన్, రెడ్ వన్, బ్లూ వన్, అన్నీ క్యూ కట్టి నిలబడ్డాయి, తోసుకుంటున్నాయి, పంటితో ఆపింది. కళ్ళజోడు లేదు తుడుచుకోడానికి. చీర కొంగు అంచు పట్టుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. లాండ్రీ ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, ఇప్పుడు చెప్పేస్తుందిలే అన్నట్టు. చెప్పలేదు. డ్రైవరు వెనక్కి తిరిగి మేడంని చూశాడు, ఈవిడకి ఒంట్లో బాలేదా అన్నట్టు. వీధిలో ఏదో బండి పోయింది. నాన్న దగ్గు వినపడినట్టయింది. దారపు రీలు దొర్లుతోంది, దొర్లనీ. కాళ్ళు చూడు, ముఖాలు కాదు. బల్ల కింద ఎవరి కాళ్ళూ గుమ్మం వైపు లేవు. అమ్మయ్య. కాని ఎంతసేపు, ఇంకెంతసేపు, చెమట వీపు మీదుగా దిగుతోంది, స్టోరు తలుపు కిర్రుమంటోంది, చాకుపీసుల పెట్టెలు రా రా అంటున్నాయి, ఒక్క మాట అంటే ఏం పోతుంది, చిన్న మాట, సాయంగా, మంచితనంగా...

గోడవారగా ఏదో కదిలింది. తాపీమేస్త్రి కట్టిన చేతులు విప్పాడు. నిన్నటి నుంచి, బహుశా అంతకుముందు నుంచీ విప్పని చేతులు. లేచొచ్చి, బల్ల మీదికి వంగి, సున్నం మరకలున్న వేళ్ళతో కుప్పంతా కెలికి, అంచు విరిగిన పాత కోటు గుండీ ఒకటి ఏరాడు. ఎండకి పట్టి చూశాడు. గోరుతో గీరి చూశాడు. తరవాత గుండీలక్క కళ్ళలోకి సూటిగా చూసి, ఇటుక ఇటుక పేర్చినట్టు అన్నాడు.

"హౌ మచ్?"

బోణీ! గుండీలక్క ఒంట్లో రక్తం ఒక్కసారి పొంగింది. విరిగిన గుండీ, ఊరికే ఇచ్చినా తీసుకోరు, నో నో ఫ్రీ అనబోయి, నాలుక కొరుక్కుని, ఊరికే ఇస్తే ఈ మనిషి మళ్ళీ చేతులు కట్టుకుంటాడు, కొట్లాడాలి, కొట్లాడితేనే మాట పుడుతుంది, నాన్నా క్షమించు అనుకుని, జన్మలో చెప్పనంత అన్యాయపు ధర చెప్పింది.

"హండ్రెడ్."

"హండ్రెడ్?" లాండ్రీ ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "నో! బ్రోకెన్! లుక్!" అని చంటిపిల్ల తల్లి మేస్త్రి చేతిలోంచి గుండీ లాక్కుని విరిగిన అంచు అందరికీ చూపించింది. "ఓల్డ్, వెరీ ఓల్డ్, లైక్ మై బస్" అన్నాడు డ్రైవరు, తన మాటకి తనే పగలబడి నవ్వాడు, చంటిపిల్ల కూడా ఏదో భాషలో గట్టిగా అభ్యంతరం చెప్పింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, సగం ఇంగ్లీషు, సగం వాళ్ళ భాష, సగం చేతులు. తాపీమేస్త్రి అరచెయ్యి ఎత్తి వాళ్ళని ఆపాడు. ఇది నా బేరం అన్నట్టు. గుండీ వెనక్కి తీసుకుని, బల్ల మీద తన ముందు పెట్టుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"ఫైవ్" అన్నాడు. "అండ్ ఐ హావ్ నో చిల్డ్రన్."

గది గొల్లుమని నవ్వింది. వెనక బల్ల దగ్గర కూడా ఎవరో నవ్వారు, గంట మాత్రం బల్ల మీదే ఉంది. నలుగురూ గుండీలక్క వైపు తిరిగారు. ఆమె దగ్గర లేని జవాబా, కొట్టు నిండా జవాబులే, సైజుల వారీగా, రంగుల వారీగా. ఒక్కటి కూడా దించలేదు. కుర్చీ లాక్కుని మేస్త్రికి ఎదురుగా కూర్చుంది, ఇందాక ఆయన కట్టుకున్నట్టే చేతులు కట్టుకుంది.

"మరి?" అంది, తన భాషలోనే. ఎవరికీ రాని మాటే గాని, అందరికీ అర్థమైంది.

అని, నోరు మూసుకుంది.